ట్రాన్స్‌ఫర్ల పైడమ్మ

మొన్నొక పొద్దున మా చిన్నమ్మాయి, బబుల్‌గమ్‌తో పాటు వచ్చే టాటూ కాగితాన్ని గిన్నెడు నీళ్లలో ముంచి ముంజేతికి అద్దుకుంటోంది. నేను పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను. తడిసిన జిగురు కాగితానికి ఒక వాసన ఉంటుంది. ఉడికీ ఉడకని మైదాపిండికీ పాత పోస్టాఫీసుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది అది. ఆ వాసన గుమ్మం దాటి వచ్చి నా ముక్కుకు తగిలిందో లేదో, పేపరు విసిరేసి ఒక్క గెంతులో లోపలికి వెళ్లి, "నొక్కకు! ముందు జారనీ!" అని కేక పెట్టాను. పిల్ల ఉలిక్కిపడింది. సీతాకోకచిలుక రెక్క ఒకటి మోచేయి దాకా సాగిపోయింది. "ఏంటి నాన్నా, అదేమన్నా బాంబా?" అని ఏడుపు మొహం పెట్టింది. పిల్లకేం చెప్పను? ఆ కేక నాది కాదు. పైడమ్మది. పాతికేళ్ల కిందట ఆమె నా మీద పెట్టిన కేకే, ఇన్నాళ్లూ నా గొంతులో దాక్కుని ఇప్పుడు బయటికి వచ్చింది.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను చెప్పేవాటిలో పావు వంతు తీసేసి నమ్మమని మా ఆవిడ ఇంటికి వచ్చినవాళ్లందరినీ హెచ్చరిస్తుంటుంది. ఆ లెక్క తప్పు, సగం తీసెయ్యాలి. కానీ పైడమ్మ గురించి రాస్తున్నాను కాబట్టి, ఎక్కడ సాగదీశానో అక్కడ నేనే చేయెత్తి ఒప్పుకుంటాను. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టిగా, గట్టిగా, ముక్కుకు రెండు వైపులా పుడకలతో, చీర కుచ్చిళ్లు ఎప్పుడూ పైకి దోపుకుని ఉండే మనిషి. విజయనగరం దగ్గరి పల్లె నుంచి భర్త రైల్వే ఉద్యోగంతో పాటు సీతాఫల్‌మండికి వచ్చి, మా ఇంటికి రెండు సందుల వెనక ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. సికింద్రాబాద్‌లో కరెంటు స్తంభం కనబడితే చాలు, దాని మీద కంప్యూటర్ కోర్సు కాగితం అతికించి ఉండేది. రాంగోపాల్‌పేట్‌లో మా నాయినకు వడ్రంగి షెడ్డు ఉండేది. అంతకు ముందు తలుపులూ మంచాలూ చేసిన ఆ షెడ్డులో, ఆ ఏళ్లలో కంప్యూటర్ టేబుళ్లు తప్ప ఇంకోటి చేయడానికి తీరిక లేదు. కంప్యూటర్ లేనివాళ్లు కూడా టేబుల్ చేయించుకుని, కీబోర్డు పలక మీద ఉల్లిగడ్డలు ఆరబోసుకున్నారు. (ఒక్క ఇంట్లో చూశాను. ఊరంతా అలాగే ఉందని చెప్పుకుంటూ వచ్చాను.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చెక్క వాసన తప్ప నా బుర్రకు ఇంకేదీ ఎక్కేది కాదు. నాయినకేమో నన్ను ఆ టేబుల్‌కు అవతలి వైపున కూర్చోబెట్టాలని కోరిక. "టేబుల్ చేసుడు నాతోని ఖతం కావాలె. దాని ముంగట కూసునుడు నీతోని షురూ కావాలె" అనేవాడు రంపం ఆడిస్తూనే.

అలాంటి రోజుల్లో బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు చెక్క గదులు కట్టే పని మాకు వచ్చింది. అక్కడ కార్తీక్ సార్ అని ఒక మేనేజర్. ముప్పై ఏళ్లుంటాయేమో, టై కట్టుకుని స్పోర్ట్స్ బూట్లు వేసుకునేవాడు. ఒకరోజు రెండు ముక్కలైన చక్రాల పలక ఒకటి పట్టుకొచ్చి మా ముందు పెట్టాడు. "ఇది స్కేట్‌బోర్డు. ఇలాంటివి మీరు చేయగలరా? మా కొత్త బిల్డింగ్ ఓపెనింగ్‌కి పది కావాలి. పార్కింగ్ ర్యాంప్ మీద టీమ్ అంతా రైడ్ చేస్తాం" అన్నాడు. ఆ వస్తువును మేం చూడటం అదే మొదటిసారి. నాయిన నోరు తెరిచేలోపల నేను అందుకున్నాను. "చేయకేం సార్! నిజాం కాలం నుంచి మా ఇంట్ల ఇదే పని. మా తాత నవాబుల దేవిడీలల్ల పిల్లలకు చేసి పెట్టిండు." కార్తీక్ సార్ నవ్వాడు. నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది, అయినా పని మాత్రం ఇచ్చాడు. అతను వెళ్లాక నాయిన నా వైపు తిరిగి, "నిజాం కాలంల మీ తాత చేసిందొక్కటేర, ఉరుకుడు" అన్నాడు.

ఆ తర్వాత నెమ్మదిగా అసలు మాట చెప్పాడు. "ఒక్క మాట విను. ఒప్పుకున్నది నువ్వు, చేసేది సుత నువ్వే. ఆదివారం నాటికి గీ పది పలకలు చూసి ఆ సారు సెబాష్ అంటే, షెడ్డుల నీకు జాగ ఉంటది. ఒక్కటి వాపస్ వచ్చినా, సోమవారం పొద్దుగాల పోయి కంప్యూటర్ కోర్సుల చేరాలె. మళ్ల ఉలి ముట్టద్దు." ఓపెనింగ్ జరిగే ఆ ఆదివారానికి పదిహేను రోజుల గడువు ఉంది. నా బతుకంతా ఆ పది పలకల మీద నిలబడింది.

పలకలు చేయడం మాకు కష్టం కాలేదు. ఏడు పలుచని చెక్కపొరలు, ఒకదాని నారకు ఇంకొకటి అడ్డంగా పేర్చి, జిగురు పూసి, సిమెంటుతో పోసిన రెండు అచ్చుల మధ్య పెట్టి లారీ జాకీతో బిగించాం. ముక్కూ తోకా పైకి లేచి, మధ్యలో దోసిలి పట్టినట్టు చిన్న గుంట. చక్రాలు బిగించే ఇరుసులను వాళ్లు ట్రక్కులంటారట. "రేపు ఇరవై ట్రక్కులు పంపిస్తాను" అని కార్తీక్ సార్ ఫోన్ చేస్తే, మా నాయిన పొద్దున్నే లేచి షెడ్డు ముందున్న సామానంతా జరిపి లారీలకు చోటు చేశాడు. మధ్యాహ్నం ఒకతను స్కూటరు మీద అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. మొదటి పలకను మా సందు వాలులో వదిలితే ఎక్కినవాణ్ణి కింద పడేసి, బర్రె కాళ్ల మధ్య నుంచి దూరి, ఒక పెళ్లి ఊరేగింపును దాటుకుని చిలకలగూడ దాకా పోయిందని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. పోలేదు. కిరాణా కొట్టు అరుగుకు తగిలి ఆగింది. బర్రె మాత్రం నిజం.

తంటా అంతా బొమ్మలతో వచ్చింది. పలక అడుగున బొమ్మ ఉండాలన్నారు. ఆఫీసులో పనిచేసే కుర్రకారు తలా ఒకటి గీసి ఇచ్చారు: రెక్కలున్న ఇరానీ చాయ్ కప్పు, నిప్పులు కక్కుతూ ఎగిరే ప్రెషర్ కుక్కర్, నల్ల కళ్లద్దాల ఆటో డ్రైవరు, రోడ్డు మధ్యలో ధ్యానం చేస్తున్న బర్రె. వాటిని నంబర్ ప్లేట్లకు రేడియం అతికించే దుకాణంలో స్టిక్కర్లుగా కోయించాను. మధ్యలో చక్కగానే అతుక్కున్నాయి. ముక్కు దగ్గరా తోక దగ్గరా పలక వంపు తిరిగే చోట మాత్రం దోసె అంచులాగా లేచి ముడతలు పడ్డాయి. దుకాణదారు వేడి గాలి కొట్టాడు, గోరుతో నొక్కాడు, చివరికి చేతులెత్తేశాడు. "సాపుగున్న జాగ అయితే చెప్పన్నా. గీ గుంటలు మిట్టలు నాతోని కాదు."

ఆ దిగాలుతో ఒక పలకను చంకన పెట్టుకుని ఇంటికి వస్తే, మా అమ్మ నా చేతిలో మిఠాయి డబ్బా పెట్టింది. మా అక్క మొగుడు ఆదిలాబాద్ జిల్లాలో ఒక మూల ఊళ్లో పంతులు. అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు రావాలని రెండేళ్లుగా కనబడిన గుమ్మమల్లా ఎక్కుతున్నాడు. "వెనక సందుల పైడమ్మ అని ఉన్నదట. ట్రాన్స్‌ఫర్లు చేస్తదట. ఇంట్ల కూసుండే చేస్తదట! పోయి బావ సంగతి జెర చెప్పు" అంది అమ్మ. భర్తకేమో రైల్వే ఉద్యోగం, ఆమె పేరేమో ట్రాన్స్‌ఫర్ల పైడమ్మ. ఇంకేం కావాలి? ఢిల్లీ దాకా చేతులున్న మనిషే అనుకున్నాను.

వెళ్లేసరికి ఆమె వరండాలో ఒక కుట్టుమిషను ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన పళ్లెంలో నీళ్లు. నేను చెప్పులు విడిచి, వంగి దండం పెట్టి, డబ్బా ముందు పెట్టాను.

"పెద్దమ్మా, మా బావకు ట్రాన్స్‌ఫర్ కావాలె. ఆదిలాబాద్‌ల చాలా తక్లీఫ్ పడుతున్నడు. మీరు జెర దయ చూస్తే…"

ఆమె తలెత్తి నన్నూ, డబ్బానూ, మళ్లీ నన్నూ చూసింది.

"మీ బావేటి, కుట్టుమిసనా?"

"కాదు పెద్దమ్మా, సర్కారు పంతులు."

"మరయితే నావల్ల అవదు బావూ. నీటిలో నానబెట్టి జారిస్తే జారతాడేటి?" అని, ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వింది. నవ్వుతూనే డబ్బా తెరిచి ఒక లడ్డూ నోట్లో వేసుకుంది. "నీ ముందు ముగ్గురొచ్చీసినారు. ఒకాయన కొబ్బరికాయ కూడా కొట్టీసినాడు. నాను సెప్తే ఎవుడింటాడు? దాసి పెట్టి లేదంటన్నానని అనుకుంటన్నారు."

ఆమె చేసే ట్రాన్స్‌ఫర్లేమిటో నాకు అప్పుడు తెలిసింది. కుట్టుమిషన్ల మీద బంగారు రంగు పూలూ లతలూ కంపెనీ పేరూ ఉంటాయి కదా, అవి చేత్తో గీసినవని నేను అనుకునేవాణ్ణి. జిగురు కాగితం మీద అచ్చేసి వస్తాయట. ఆ కాగితాన్ని నీళ్లలో నానబెడితే బొమ్మ ఉల్లిపొరలా విడివడుతుంది. దాన్ని మిషను మీదికి జారించి, కింద చేరిన నీటిని బయటికి తోసేసి, ఆరాక పైన వార్నిషు పూస్తారు. ఆ కాగితాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. పాత మిషన్లకు కొత్త రంగు వేసే దుకాణాలన్నీ ఆమె దగ్గరికే పంపేవి. ఒక వింత చెప్పనా? రెండేళ్ల తర్వాత ఆమె భర్తకే వాల్తేరు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సామాను సర్దుకుని వాళ్లు బండెక్కుతుంటే, మా సందువాళ్లు సగం మంది "అంత పైరవీ ఉన్న మనిషి, ఆపించుకోకపాయె" అని నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఆ పూట మాత్రం నేను అదేం పట్టించుకోలేదు. నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి. మిషను మెడ దగ్గర, కత్తి పెట్టినా జారిపోయేంత వంపు. ఆమె తడి కాగితాన్ని అక్కడ ఆనించి, బొమ్మను రెండు వేళ్లతో ఊరికే తాకి ఉంచి, కింద నుంచి కాగితాన్ని లాగేసింది. ముడత లేదు, బుడగ లేదు. పుట్టినప్పటి నుంచీ మిషను ఒంటి మీద ఉన్న పచ్చబొట్టులా పువ్వు కూర్చుంది. బావ సంగతి గాలికి పోయింది. "పెద్దమ్మా, చెక్క మీద ఏస్తవా?" అన్నాను. ఇంటికి పరుగెత్తి పలక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని వంపంతా అరచేత్తో తడిమింది.

"ఇది సిన్న బిడ్డ వీపులాగున్నాది. ఎందుకెయ్యలేను? కానీ ఒట్టినే నాను ఎయ్యను. నువ్వు నేర్సుకోవాల."

వారం రోజులు పొద్దున్నే ఆమె వరండాలో కూర్చున్నాను. పెళ్లి కార్డులు అచ్చేసే అతని చేత జిగురు కాగితం మీద ఆ పది బొమ్మలూ వేయించుకొచ్చాం. ఒక్కో బొమ్మకు రెండేసి కాగితాలు ఉండాలని ఆమె పట్టుబట్టింది. ఒకరు వీణ బొమ్మ గీసి పంపితే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. "కాళ్ల కింద వీణేటి, కళ్లు పోతాయి" అని వెనక్కి పంపేసి, దాని బదులు తబలా అడిగింది. అదెందుకు పర్వాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. అచ్చు చెడిన కాగితాలు వేరే కట్టగా తెచ్చుకుని, వాటితో పాత రేకు డబ్బాల మీద నాకు సాధన. నేను బొమ్మను పట్టుకుని లాగేవాణ్ణి, అది సాగి చిరిగేది. "నొక్కకు! ముందు జారనీ! బొమ్మని కదపకు గుంటడా, కాగితాన్ని తియ్యి. బొమ్మ ఎక్కడుండాలో అక్కడే ఉంటాది. అడ్డమున్నదే పోవాల." నలభై డబ్బాలు పాడుచేశాక ఒక చాయ్ కప్పు రెక్కలతో సహా చెక్కుచెదరకుండా డబ్బా మీద వాలింది. నేను వరండాలో నిలబడి డాన్సు చేశాను. ఆమె నవ్వలేదు. డబ్బాను వెలుగులో పెట్టి చుట్టూ తిప్పి చూసి, "ఊఁ" అంది. ఆ ఊఁకారం కోసం నేను ఎన్ని డబ్బాలైనా పాడుచేసి ఉండేవాణ్ణి.

పలకల మీద అసలు పని మొదలుపెట్టే రోజున ఆమె అడిగింది. "బాగా మెరస్తన్నాయి. పైనేటి పూసినారు?"

పాలిష్ పని నాయినదే. ఏం పూశాడో నేను అడగలేదు. కానీ తెలియదని చెప్పడం నా నోటికి అలవాటు లేదు. "లాకరు పెద్దమ్మా. మోటారు బండ్లకు కొట్టేది."

"నీరు తగిలితే ఏటవ్వదు కదా?"

"హుస్సేన్‌సాగర్‌ల పారేసి నెల తర్వాత తీసినా ఏం కాదు."

గురువారం మధ్యాహ్నానికి పదీ అయ్యాయి. ఆరు ఆమె వేసింది, నాలుగు నేను. వరుసగా గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని ఇద్దరం మిగిలిన లడ్డూలు తిన్నాం. శుక్రవారం పొద్దున వెళ్లి చూస్తే ప్రతి బొమ్మ కిందా తెల్లగా పాలపొర కమ్మి ఉంది. కుక్కరు మబ్బులో కూరుకుపోయింది. ఆటో డ్రైవరుకు రెండు కళ్లల్లోనూ శుక్లాలు వచ్చినట్టయింది. గోరు తగిలితే చాలు, పొరలు పొరలుగా లేచి వస్తోంది. నాయిన పూసింది లక్క పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ముడితో రోజుల తరబడి రుద్దే పాతకాలపు పాలిష్ అది. నీటిచుక్క పడితే తెల్లబడిపోతుంది. ఆ మాట వడ్రంగి ఇంట పుట్టిన నాకు తెలిసే ఉండాలి.

నా బుర్ర వెంటనే తన పని తను మొదలుపెట్టింది. "పెద్దమ్మా, పరేషాన్ కాకు. పొగమంచు అని చెప్తా. చలికాలం పొద్దున ట్యాంక్‌బండ్ మీద పొగమంచు ఉంటది కదా, గదే డిజైన్ అంటా. ఆ సారు ఖుషీ అయితడు."

ఆమె పళ్లెంలో నీళ్లు మొక్క మొదట్లో పారబోసి వచ్చి కూర్చుంది. "సెప్పు. నీ నోరు అటువంటిది, ఆయన నమ్ముతాడు కూడాను. నాను నమ్మీనాను కదా, లాకరంటే." ఒక పలకను ఒళ్లోకి తీసుకుంది. "పది పలకలు పది మంది తీసుకుపోతారు. ఒకటి మారేడ్‌పల్లి, ఒకటి ఇంకోకాడికి పోద్ది. నువ్వు పక్కన నిలబడి ఎన్ని పలకలకని కత సెప్తావురా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా, ఏం పూసిండో. తెల్వకనే చెప్పిన" అన్నాను. ఆ చిన్న మాట నోట్లోంచి రావడానికి ఎంత సేపు పట్టిందో!

"ఆ మాట నాకాడ కాదు. మీ నాయన కాడ సెప్పు. పద."

పలకలన్నీ ఒక రిక్షాలో వేయించి, ఆమె చెప్పులు వేసుకుని నాతో పాటే రాంగోపాల్‌పేట్ దాకా నడిచింది. దారి పొడుగునా నేను మూడు కథలు తయారుచేసుకున్నాను: కాగితం నాసిరకం, గాలిలో తేమ ఎక్కువ, అచ్చు వేసినవాడు మోసం చేశాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డాక మూడూ ఎక్కడికో పోయాయి. "నాయినా, నీ పాలిష్ నీళ్లకు తెల్లగైతుంది. నిన్ను అడగకుండ నేను లాకరని చెప్పిన. పదీ ఖరాబైనయి" అన్నాను.

ఆ పాలిష్ మా నాయినకు వాళ్ల నాయిన నేర్పింది. దాని గురించి ఎవరైనా ఒక్క మాట అంటే ఆ మనిషికి మళ్లీ మా షెడ్డులో కుర్చీ దొరికేది కాదు. నాయిన ఉలి కింద పెట్టి, నీళ్ల కుండలో వేలు ముంచి, తను రుద్దిన ఒక పలక మీద ఒక్క చుక్క వేశాడు. ముగ్గురం చుట్టూ నిలబడి ఆ చుక్కనే చూశాం. కాసేపటికి తుడిస్తే దాని కింద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. "నలభై ఏండ్ల సంది రుద్దుతున్న. దీని మీద నీళ్లు పోసిన పాగల్ ఒక్కడు లేడు" అన్నాడు. పైడమ్మ వైపు చూసి, "నిలబడ్డవేందమ్మా, కూసో" అని తనే స్టూలు జరిపాడు. తర్వాత నాకు ఉప్పుకాగితం అందించాడు. "రుద్దు. చెక్క కనబడాలె."

ఆ రెండు రోజుల్లాంటి రోజులు నా బతుకులో మళ్లీ రాలేదు. నేనూ నాయినా పక్కపక్కనే కూర్చుని పదీ గీకి చెక్క దాకా దించాం. పక్క వీధిలో స్కూటర్లకు రంగు కొట్టే అతన్ని పిలిచి ఈసారి నిజంగానే లాకరు కొట్టించాం. శనివారం పొద్దున ఆమె రెండో కట్ట కాగితాలు విప్పింది. రెండేసి ఎందుకు వేయించిందో నాకు అప్పుడు అర్థమైంది. ఈసారి ఆమె నన్ను ఏమీ అడగలేదు. ప్రతి పలక మీదా ముందు తనే నీటిచుక్క వేసి, తుడిచి, వెలుగులో చూసి, అప్పుడు మొదలుపెట్టింది. అది నాకు తగిలింది. తగలాలనే చేసిందనుకుంటాను. ఆరు నేను వేశాను, నాలుగు ఆమె. నాయిన ఉలి పని వదిలేసి నీళ్లు మార్చాడు. రంపాల షెడ్డులో ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, తడి కాగితం జారే చప్పుడు కూడా వినబడేది.

ఆదివారం బేగంపేట. కొత్త బిల్డింగ్ ర్యాంప్ మీద పలకలు పదీ బోర్లించి పెట్టాం. ఆఫీసు వాళ్లు చుట్టూ మూగి అరుపులే అరుపులు. "వావ్, కుక్కర్ చూడు!" "బర్రె నాది, ఎవరూ ముట్టుకోవద్దు!" ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చిన పైడమ్మ, నాయిన పక్కన నిలబడి ఎవరెవరు ఏ బొమ్మ తీసుకుంటున్నారో లెక్కపెట్టుకుంటోంది. కార్తీక్ సార్ చాయ్ కప్పు పలక ఎక్కి రివ్వున దిగాడు. ర్యాంప్ పక్కన మోకాలెత్తు సిమెంటు గట్టు ఉంది. దాని దగ్గరికి రాగానే పలకతో సహా గాల్లోకి ఎగిరి, చక్రాలు రెండు వైపులా వేలాడుతుంటే, పలక కడుపును గట్టు అంచు మీద ఆనించి కర్రుమని ఈడ్చుకుంటూ పోయాడు. ఆ కడుపు మీదే కదా మా బొమ్మ!

పైడమ్మ "ఓలమ్మో!" అని కేక వేసి గట్టు వైపు పరుగెత్తింది. ఆమె వెనక నాయిన, నాయిన వెనక నేను. కార్తీక్ సార్ దిగి, మా మొహాలు చూసి కంగారుపడ్డాడు. "ఏమైందండీ? బోర్డు ఇలాగే వాడతారు. అడుగున బొమ్మ ఎప్పుడూ గీసుకుపోతుంది. ఎంత గీసుకుంటే అంత బాగా ఆడినట్టు లెక్క." ముప్పై ఏళ్లు చెదరని పువ్వులు వేసిన మనిషికి ఆ మాట ఎలా ఉండి ఉంటుంది! ఆమె పలకను అతని చేతిలోంచి లాక్కుని తిప్పింది. కప్పు నడుం మీదుగా చెక్క కనబడేంత లోతున, జానెడు పొడుగు గీత. ఇక సోమవారం కంప్యూటర్ కోర్సే అనుకున్నాను.

ఆమె గీత వైపు చూడనేలేదు. గీత అంచున, బొమ్మ ఇంకా మిగిలి ఉన్న చోట, బొటనవేలి గోరు ఆనించి పైకి లేపడానికి చూసింది. రెండో పక్కనా చూసింది. ఇంకొంచెం కిందికి జరిగి గట్టిగా గీరింది. అప్పుడు ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"సూడు! గీసుకున్న కాడే పోనాది. పక్కది లేవనేదు!"

"అదేనండీ! మామూలు స్టిక్కరైతే ఒక్క గీతకే మొత్తం తోలు ఊడినట్టు వచ్చేస్తుంది" అన్నాడు కార్తీక్ సార్. "సూపర్ వర్క్."

మా నాయిన వంగి, ఉలి పట్టీ పట్టీ కొమ్ములా గట్టిపడిన తన గోరుతో తనూ గీరి చూశాడు. ఎంతసేపు గీరాడో! లేచి నిలబడి, "లేవలే" అన్నాడు. అంతే. పది మందీ పలకలు ఎక్కేశారు. కుక్కరు ఎగిరింది, బర్రె గట్టు మీద జారింది, తబలా బోర్లా పడింది. ప్రతిసారి కర్రుమన్నప్పుడల్లా పైడమ్మ "ఆఁ, ఇంకోపాలి! గట్టిగా!" అని చప్పట్లు కొట్టింది. చివర్లో తనే ఒక పలక మీద చీర దోపుకుని కూర్చుని, నన్ను తొయ్యమంది. తోశాను. ర్యాంప్ చివరి దాకా కేకలు వేస్తూ పోయింది. ఇది నేను సాగదీసింది కాదు, చూసినవాళ్లు చాలామంది ఉన్నారు.

సోమవారం పొద్దున నాయిన కోర్సు మాట ఎత్తలేదు. టీ తాగుతూ, "ఆమెను అడుగు, మంచం పట్టెలకు సుత ఏస్తదా?" అన్నాడు. షెడ్డులో నాకు చోటు దొరికిందని నాకు తెలిసింది అలాగే.

ఆ చోటులోనే ఇప్పటికీ ఉన్నాను. చేతి కింద పనివాళ్లున్నారు, స్కేట్‌బోర్డులు ఇప్పటికీ చేస్తున్నాం, బొమ్మలు వేసే పద్ధతులూ మారాయి. వాడి వాడి అరిగిన పలకలు కొత్త బొమ్మ కోసం తిరిగి వస్తే, ముందు నేనే తీసుకుని గీతల పక్కన గోరు పెట్టి చూస్తాను. అబద్ధాలు చెప్పడం మానేశానని మీరు అనుకుంటే పొరపాటు, ఆ పని ఆమె నా చేత మాన్పించలేదు. కాకపోతే నేను ఏదైనా చెబుతున్నప్పుడు ఎవరో ఒకరు మధ్యలో అందుకుని, "ఆగవయ్యా, ఇది మాత్రం జరగలేదు" అని ఒక చోట గట్టిగా గీరుతారు. ఒకప్పుడు ఆ గీతను కప్పడానికి ఇంకో నాలుగు మాటలు పూసేవాణ్ణి. ఇప్పుడు గీరనిస్తాను. గీసుకున్న కాడ పోతే పోనీ అనుకుంటాను. దాని పక్కనున్న నిజం కూడా లేచి వస్తుందేమోనని మాత్రం, ఊపిరి బిగబట్టి చూస్తాను.